మనవాళ్లేగారితో రెండు రోజులు

మదురైలో రైలు దిగి విరుదునగర్ బస్సెక్కామో లేదో, మా మనవాళ్లేగారు కండక్టరు చొక్కాకున్న పేరు చదవడం మొదలెట్టారు. ఆయనకు తమిళం రాదు. అయినా చదివారు. చివర 'నాయుడు' లేదని పక్కవాణ్ణడిగి తేల్చుకున్నాక గానీ టికెట్టు డబ్బులు తియ్యలేదు.

ఆయనకు అసలు పేరు వేరే ఉంది. ఏ ఊరెళ్లినా ఎవరో ఒకర్ని చూపించి 'వీళ్లు మనవాళ్లే' అంటారు గనక ఆఫీసులో ఇరవయ్యేళ్లుగా ఇదే పేరు. అందరూ ఊరు చూడ్డానికి వెళ్తారు, ఈయన చుట్టాల్ని వెతకడానికి వెళ్తారు. సింగపూరు నుంచి తెచ్చిన ఫొటోలన్నిట్లోనూ ఒకే ఒక్క పాలకొల్లు ఆయన ఉన్నాడు.

విరుదునగర్ నూనె పరోటా కోసం నేను నెల్లాళ్లుగా కాచుక్కూచున్నాను. నూనెలో కరకరలాడేలా వేయించిన పరోటాని చిదిపి, పైన సాల్నా పోసుకుని వేడివేడిగా లాగించాలి. మేం నలుగురం ఆ పనిలో ఉంటే, ఆయన పెనం దగ్గర నిలబడి మాస్టరు తాతగారిది ఏ ఊరో సైగలతో అడుగుతున్నారు. సైగలతో తాతగారిని ఎలా అడుగుతారో నాకిప్పటికీ అంతుపట్టలేదు. మాస్టరు మాత్రం ఇంకో రెండు పరోటాలు వడ్డించాడు.

తర్వాత కామరాజ్ పుట్టిన ఇల్లు. 1903లో ఇక్కడే పుట్టి, తొమ్మిదేళ్లు ముఖ్యమంత్రిగా చేసిన మనిషిది అంత చిన్న ఇల్లా అని మేం నోరెళ్లబెడుతుంటే వెనకనుంచి గొంతు: "రాజు అని ఉందిగా! మనవాడే." కామాక్షి అని అమ్మవారి పేరు పెడితే తల్లి ముద్దుగా 'రాజా' అని పిలిచేదట, రెండూ కలిసి కామరాజ్ అయ్యారట అని చెప్పాను. "రాజా కూడా మన పిలుపేగా!"

కోవిల్‌పట్టిలో పల్లీ మిఠాయి కొన్నాం. 2020లో భౌగోళిక గుర్తింపు దక్కించుకున్న కడలై మిఠాయి అది. "పల్లీపట్టీ! ఊరి పేరులోనే పట్టీ ఉంది, చూశారా?" తమిళంలో పట్టి అంటే ఊరండీ మహాప్రభో! ఆయనకు వినిపించలేదు. ఊరి బయట నల్లరేగడి పిడికెడు తీసి రుమాల్లో మూటగట్టుకుంటున్నారు.

అసలు మంట ఎక్కడంటే, ఈ ఊళ్లో ఆయన మాటే నిజం. విజయనగర రాజుల కాలం నుంచీ తెలుగువాళ్లు ఈ రేగడి నేలల్లోకి దిగి పత్తి పండించుకున్నారు. 1799లో కయత్తారులో ఇంగ్లీషువాళ్లు ఉరితీసిన కట్టబొమ్మన ఇంటి భాష తెలుగు. దగ్గర్లోని ఇడైసేవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, తెలుగువాళ్ల వలస కథనే 'గోపల్ల గ్రామం' అని తమిళంలో నవల రాశారు. ఇరవయ్యేళ్లు వెటకారం చేసిన మనిషి ఉన్నట్టుండి ఒప్పయిపోతే ఎంత కష్టంగా ఉంటుందో!

టీకొట్టు దగ్గర బెంచీ మీద ఓ పెద్దాయన మా మాటలు విని పలకరించాడు. "యా వూరయ్యా మీది?"

మనవాళ్లేగారి కళ్లల్లో నీళ్లు. "యాక్చువల్లీ సర్, మాది గుంటూరు సైడ్, హైదరాబాద్‌లో సెటిలయ్యాం, ఫ్రెండ్స్‌తో జస్ట్ ట్రిప్‌కొచ్చాం."

పెద్దాయన అంతా విని నావైపు తిరిగాడు. "ఈయన తెలుగాయన కాదా?"

ఆ సాయంత్రం ఎట్టయపురంలో ముత్తుస్వామి దీక్షితుల సమాధి చూడ్డానికి వెళ్లాం. 1835లో ఆయన పోయింది ఈ ఊళ్లోనే. మాటల్లో నేనందుకున్నాను. సుబ్బరామ దీక్షితుల 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' 1904లో ఇక్కడే, తెలుగు లిపిలో అచ్చయిందని, అచ్చు వేయించిన జమీందారులది కూడా తెలుగు వంశమేనని చెప్పుకుంటూపోయాను. ఎంతసేపు చెప్పానో తెలీదు. తిరిగి చూస్తే మిగతా ముగ్గురూ వ్యాన్లో కూర్చుని హారన్ కొట్టిస్తున్నారు. వింటున్నది మనవాళ్లేగారొక్కరే.

"అంటే..." అని ఆయన నోరు తెరిచారు.

"మనవాళ్లేనండీ!" అన్నాను, ఆయన కంటే ముందే.

వ్యాను హారన్ మళ్లీ మోగింది. అప్పటికే మేమిద్దరం అటుగా పోతున్న పూలావిడ ఇంటిపేరు అడగడానికి బయల్దేరాం.