జాకెట్ యాడ్ పద్యం – టీకా తాత్పర్య సహితం

ఆ. మొదటి పేజి నిండ ముఖ్యమంత్రినగవు
మూల నింత చిన్న ముక్క రోడ్డు
ఖర్చు జనులదైన ఘనత యెవ్వరిదయ్య
పన్ను కట్టువాఁడ! పలుకవేమి?

అవతారిక: ఈ చాటువు చెప్పిన కవి ఎవరో తెలియదు. సమాచార, పౌరసంబంధాల శాఖలో గుమాస్తా అని కొందరు, బిల్లులు రాక విసిగిన యాడ్స్ మేనేజరని మరికొందరు. ఎవరైతేనేం, మొ–ము, మూ–ము, ఖ–ఘ, ప–ప అని నాలుగు పాదాల్లోనూ యతి కుదిరింది. ప్రభుత్వ ప్రకటనకు సంబంధించి నియమం తప్పకుండా నడిచినది ఈ పద్యమొక్కటే కావచ్చు.

ప్రతిపదార్థం: మొదటి పేజి = పత్రిక పేరు కింద వార్త ఉండవలసిన చోటు; నిండ = అంగుళమైనా విడవకుండా (పత్రికాఫీసుల్లో దీన్నే జాకెట్ యాడ్ అంటారు); ముఖ్యమంత్రినగవు = ముఖ్యమంత్రి యొక్క నగవు, షష్ఠీ తత్పురుషం. ముఖ్యమంత్రియే నగవుగా గలది అని బహువ్రీహి చెప్పినవారూ ఉన్నారు. రోడ్డు కనపడడానికి రెండో పాదం చివరిదాకా ఆగవలసి రావడం వారి వాదానికి బలం. మూలన్ = కుడివైపు అడుగున, ప్రచురణ సంఖ్యకు కాస్త పైన; ఇంత = బొటనవేలూ చూపుడువేలూ దగ్గరగా పెట్టి చూపినంత; రోడ్డు = ఈ ప్రకటనకు కారణమని చెప్పబడునది; ఖర్చు = చదరపు సెంటీమీటరు లెక్కన కట్టే సొమ్ము; పన్ను కట్టువాఁడ = ఓ పాఠకుడా (బిస్కెట్ ప్యాకెట్ కొని జీఎస్టీ ఇచ్చిన పిల్లవాడూ ఇందులో చేరును); పలుకవేమి = మాట్లాడవేం?

తాత్పర్యం: రోడ్డు పడిందట.

పాఠాంతరం: ‘ముఖ్యమంత్రి’ అనే మాట అన్ని కాలాల్లోనూ ఈ పద్యంలో లేదు. కామన్ కాజ్ సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు 2014లో ఎన్.ఆర్. మాధవ మీనన్ అధ్యక్షతన ముగ్గురి కమిటీని వేసింది. ఆ కమిటీ సిఫార్సుల మీద 2015 మే 13న తీర్పు చెబుతూ, ప్రభుత్వ ప్రకటనల్లో రాష్ట్రపతి, ప్రధానమంత్రి, భారత ప్రధాన న్యాయమూర్తి – ఈ ముగ్గురి ఫొటోలే ఉండవచ్చు అంది. గాంధీగారి వంటి కీర్తిశేషులకు మాత్రం వారి స్మారక దినాల్లో మినహాయింపు. అంటే నవ్వాలంటే ప్రధానైనా కావాలి, పైలోకానికైనా వెళ్లాలి. రాష్ట్రాలు దీన్ని ఎలా ఓర్చుకుంటాయి? తమిళనాడు, కర్ణాటక, పశ్చిమ బెంగాల్ మొదలైనవి పునఃపరిశీలన కోరాయి. కేంద్రమూ వాటితో గొంతు కలిపింది. ఎన్నికల్లో ఒకరి మీద ఒకరు కత్తులు నూరుకునే పార్టీలు ఏకవాక్యతకు వచ్చిన అరుదైన సందర్భాల్లో ఇదొకటి. 2016 మార్చి 18న కోర్టు గవర్నర్లను, ముఖ్యమంత్రులను, సంబంధిత శాఖ మంత్రులను కూడా నవ్వనిచ్చింది. ఆ పది నెలల కాలంలో ఈ పద్యం మొదటి పాదం ఏ రాష్ట్రంలో చదివినా గణభంగమే.

మాధవ మీనన్ కమిటీ ఇంకా కొన్ని అడిగింది: ఎన్నికల ముందు కొంతకాలం ప్రకటనలు ఆపాలని, ఖర్చు మీద ప్రత్యేక ఆడిట్ ఉండాలని. కోర్టు ఆ రెండింటినీ అవసరం లేదని పక్కన పెట్టింది. ఫొటో ఎవరిదన్నది పట్టుకుని, ప్రకటన ఎప్పుడు, ఎంతకు అన్నవి వదిలేసినట్టయింది. ఈ వ్యాఖ్యాతకు మాత్రం కమిటీ పాఠంలో అసలు రసం అక్కడే ఉందనిపిస్తుంది. పోలింగుకు ఆరు నెలల ముందు విచ్చే నవ్వుకూ, గెలిచిన మర్నాడు విచ్చే నవ్వుకూ తేడా ఏ ఓటరుకు తెలియదు? ఎన్నికల కోడ్ కూశాక ప్రకటనలు ఎలాగూ ఆగుతాయి. కనుకనే అవన్నీ కోడ్‌కు ముందు వారంలో ముసురుకుంటాయి.

‘ఘనత యెవ్వరిదయ్య’: ఈ ప్రశ్నకు జవాబు చెప్పడానికే ముగ్గురు సభ్యుల సంఘం ఒకటి ఉండాలని తీర్పు చెప్పింది. వారి నిష్పాక్షికతను ఎవరూ వేలెత్తి చూపకూడదు. నియమించేది మాత్రం ప్రభుత్వమే. కేంద్రంలో 2016లో ఆ సంఘం ఏర్పడింది. మాజీ ప్రధాన ఎన్నికల కమిషనర్ బి.బి. టాండన్ అధ్యక్షుడు. ఆ ఏడే సంఘం ఢిల్లీలోని ఆమ్ ఆద్మీ ప్రభుత్వ ప్రకటనలు కొన్ని మార్గదర్శకాలకు విరుద్ధమని, ఆ ఖర్చు పార్టీయే కట్టాలని తేల్చింది. 2017లో లెఫ్టినెంట్ గవర్నర్ 97 కోట్లు రాబట్టమన్నారు. 2023 జనవరికి అది వడ్డీతో కలిసి 163.62 కోట్ల నోటీసు అయింది. ‘ఖర్చు జనులదైన’ అన్న పాదాన్ని తిరగరాసి ‘ఖర్చు పార్టీదే’ అనబోయిన ఘట్టం ఇది. ఆ పార్టీ వారు, తమకు పోటీ పార్టీలు ఏలే రాష్ట్రాల ముఖ్యమంత్రుల ప్రకటనలు ఢిల్లీ పత్రికల్లో రాలేదా, ఆ సొమ్ము ఎప్పుడు వసూలు చేస్తారని ఎదురడిగారు. అడగవలసిన ప్రశ్నే. దానితో వారి ప్రకటనలు ఒప్పయిపోవు గాని, తూచేవాణ్ణి నియమించిన చేయి ఎవరిదని జనం చూస్తారు కదా.

ఆక్షేపం: ముఖం లేకపోతే పథకం ఎవరు పెట్టారో లబ్ధిదారుకు తెలిసేదెట్లా? – ఇది శాఖాధికారుల పూర్వపక్షం. సమాధానం: పింఛను కోసం నిలబడిన అవ్వకు కావలసింది సచివాలయం ఏ వేళకు తెరుస్తారు, ఏ కాగితం తేవాలి అన్నవి. ఆ రెండూ ప్రకటనలో అన్నిటికంటే చిన్న అక్షరాల్లో ఉంటాయి.

ధ్వని: కవి చెప్పకుండా స్ఫురింపజేసినది రంగు. ఫొటో మీద నియమం ఉంటే గోడ మీదికి పోవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీ భవనాలకు అప్పటి అధికార పార్టీ జెండా రంగులు వేశారని హైకోర్టు 2020లో తప్పుపట్టి తీసేయమంది. అప్పుడు ప్రభుత్వం కింద మట్టిరంగు పట్టీ ఒకటి చేర్చి జీవో 623 ఇచ్చింది. ఆ జీవోయే గొప్ప టీక: మట్టిరంగు నేలకు, ఆకుపచ్చ పైరుకు, నీలం చేపల చెరువులకు, తెలుపు పాడికి సంకేతమట! వ్యాఖ్యాత మల్లినాథుడికి కూడా ఇంత ఊహ తట్టదు. హైకోర్టు ఆ వ్యాఖ్యానాన్ని ఒప్పుకోలేదు. 2020 జూన్ 3న సుప్రీంకోర్టూ ఒప్పుకోలేదు.

ఇది ఒక పార్టీ వ్యాధి అనుకుంటే పొరపాటు. చంద్రన్న కానుక సంచి, కేసీఆర్ కిట్, జగనన్న విద్యాకానుక – సంచీలో సరుకు మారినా సంబోధన మారలేదు. ఆంధ్రప్రదేశ్‌లో పొలం గట్టు మీది సర్వే రాళ్లకు కూడా ముఖాలు వచ్చాయి. 2024లో అక్కడ ప్రభుత్వం మారాక పాసుపుస్తకాల మీది ముఖం పోయి రాజముద్ర వచ్చింది. పేర్ల మాటకొస్తే కోర్టు వైఖరి వేరు. తమిళనాడులో బతికున్న నాయకుడి పేరు పథకానికి పెట్టరాదని మద్రాసు హైకోర్టు ఇచ్చిన ఉత్తర్వును 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు కొట్టేసి, పిటిషనర్‌కు 10 లక్షలు వడ్డించింది.

అన్యదేశ పాఠం: కెనడాలోని ఒంటారియోలో 2004 చట్టం ప్రకారం ప్రభుత్వ ప్రకటన అచ్చుకు ముందే ఆడిటర్ జనరల్ చూడాలి, పక్షపాతం తోస్తే ఆపేయగలిగేవారు. 2015లో అక్కడి ప్రభుత్వమే దాన్ని సవరించింది. మంత్రి పేరు, బొమ్మ, గొంతు ఉండరాదు, పార్టీ గుర్తు ఉండరాదు, చివరికి పార్టీ రంగు ఎక్కువగా కనపడరాదు అని వివరంగా రాసింది. మన జీవో 623 అక్కడైతే మొదటి చూపుకే పోయేది. అయినా అప్పటి ఆడిటర్ జనరల్ తనను రబ్బరు స్టాంపుగా మార్చారని మొత్తుకున్నారు. ఎందుకంటే ముఖమూ రంగూ లేకుండానే, ‘మీ ప్రభుత్వం మీ కోసం ఎంతో చేస్తోంది’ అని నిండు పేజీ వేయవచ్చు. ఆ మాటల పస తూచే అధికారం ఆమెకు పోయింది.

‘పలుకవేమి’: ఇది పన్ను కట్టేవాణ్ణి అడిగినట్టే ఉంది గాని, ‘పన్ను కట్టువాఁడ’ అన్నది పత్రికాధిపతికీ వర్తిస్తుంది. ఏ ఒక్క మీడియా సంస్థకూ కొమ్ము కాయరాదు, సర్క్యులేషన్‌ను బట్టి అందరికీ సమంగా పంచాలి అని 2015 తీర్పులోనే ఉంది. అయినా ఆంధ్రప్రదేశ్‌లో 2022లో గ్రామ, వార్డు వలంటీర్లు పత్రిక కొనుక్కోవడానికి నెలకు 200 రూపాయలిచ్చే ఉత్తర్వు వచ్చింది. అది ఒకే పత్రికకు మేలు చేస్తుందంటూ వేసిన కేసును సుప్రీంకోర్టు ఢిల్లీ హైకోర్టుకు పంపింది. ఇక యాడ్ అందని పత్రిక మార్గదర్శకాలను గుర్తు చేస్తుంది. అందిన పత్రిక రిలీజ్ ఆర్డర్ నంబరు చూసుకుంటుంది. పాఠకుడొకడు కోపమొచ్చి, జాకెట్ యాడ్ మీద త్రిసభ్య సంఘానికి ఫిర్యాదు పంపాను, వార్త వేయండని సంపాదకుడికి రాస్తే, ఆ ఉత్తరం ముందుగా యాడ్స్ విభాగానికి వెళుతుంది. గత ప్రభుత్వపు బిల్లులే ఇంకా రాలేదని అక్కడివారు చెబుతారు.