మట్టికుప్పకు నామకరణ విధానము

వీథిని త్రవ్వి నీటిగొట్టమో విద్యుత్తు తీగయో పాతుటకు గుత్త గొనిన మహాశయులారా, గడ్డపార మోపుటకు పూర్వము మీరు అభ్యసింపవలసినది భూగర్భశాస్త్రము గాదు, నిఘంటువు. ఏలయన, గుంతనుండి వెలువడు పదార్థము నిన్న మట్టి, నేడు వ్యర్థము, రేపు వనరు. పదార్థ మెన్నటికిని మారదు గాని దాని పేరు మారును, పేరుతో పాటు చలానాయు మారును.

2000 సంవత్సరమునాటి పురపాలక ఘనవ్యర్థ నిబంధనలలో శిథిలములకు చుట్టపుచూపుగా వచ్చినవానికి వలె కొద్దిపాటి చోటు మాత్రమే దొరికెను. 2016 మార్చి 29వ తేదీన వానికి స్వంత నిబంధనావళి యేర్పడెను. 2025లో మరియొకటి ప్రకటింపబడి, 2026 ఏప్రిల్ 1 నుండి అమలు కాదగినదని శాసింపబడెను. కావున బుద్ధిమంతుడగు గుత్తేదారు రెండు ప్రతులను సంచిలో నుంచుకొని, తనిఖీకి వచ్చిన అధికారి చేతిలో ఏది యున్నదో ఓరకంట కనిపెట్టి, రెండవదానిని సంచి యడుగునకు జార్చవలెను. ఇది మోసము గాదు, మర్యాద.

పిమ్మట తూనిక. దినమునకు 20 టన్నులకు గాని, ఒక పనిపై నెలకు 300 టన్నులకు గాని మించి శిథిలములను పుట్టించువాడు ముందుగా ప్రణాళిక నొసగి అనుమతి పొందవలెనని 2016 నాటి విధి. ట్రాక్టరునకు సుమారు మూడు టన్నులని మేస్త్రీల లెక్క గనుక, ఆరు ట్రాక్టర్లు కదలిన తరువాత ఏడవది సందు మొగదల కనబడినచో కూలీలకు టీ ఇప్పించి ఆనాటికి పని చాలింపుడు. నెలలెక్క మించునట్లున్న యెడల వీథి తూర్పుకొస నొక పనిగను, పడమటికొస మరియొక పనిగను కాగితముపై విడదీయుడు. అన్నదమ్ముల పంపకములకన్న ఇది సులభము.

ఇక వర్గీకరణ, అనగా వ్యర్థమును నాలుగు కుప్పలు చేయుట: కాంక్రీటు ఒకటి, మట్టి ఒకటి, ఇనుము కలప ప్లాస్టిక్కులు ఒకటి, ఇటుకయు సున్నపు గచ్చును ఒకటి. మా సందు వెడల్పు పది అడుగులు. అందు గుంత మూడడుగులు మ్రింగెను. మిగిలిన యేడడుగులలో నాలుగు కుప్పలును, స్కూటర్లును, పాలవాడును, మేమును ఇమిడి యుండవలెను. ఒకనాడు గేటుకడ నిలిచి చూచితిని. పార దిగినంతనే పైన మాడిన అట్టువంటి తారు పెచ్చు, దాని క్రింద కంకర, అటుపై ఎర్రని మొరము, అందులో పాతగొట్టపు ముక్కయు, ముడి విప్పని పాలిథీను సంచియు, పచ్చగాజు పెంకు ఒకటియు వరుసగా వెలువడినవి. తారును కంకరయు మట్టియు ఒండొంటిని వీడక పట్టుకొనిన పెద్ద గడ్డ నొకదానిని తట్టలో నెత్తుకొని ఒక కూలీ కుప్పకుప్పకడకును పోయి నిలిచెను. ఆ నాలుగింటిలో తారునకు పేరులేదు. తుదకాతడు దానిని మా మల్లెకుండీ ప్రక్కన దించెను. అది ఐదవ కుప్ప. గుత్తేదారులు దీనిని మరువరాదు, తీరని సందేహములన్నియు అందే వేయదగినవి.

హైదరాబాదున జీడిమెట్లలోను ఫతుల్లగూడలోను శిథిలములను పిండిచేసి మరల ఇసుకగను కంకరగను మార్చు కర్మాగారములు గలవు. సామర్థ్యము ఒక్కొక్కదానికి దినమునకు 500 టన్నులు. ఇచ్చట పరిహాసమునకు తావు లేదు, అది నిజముగా మంచిపని; ఇనుము చేర్చని కాంక్రీటులో నూటికి 25 వంతులవరకు అట్టి కంకర వాడవచ్చునని భారత ప్రమాణమే 2016లో ఒప్పుకొనినది. అయినను డీజిలు ధరయు, ట్రాఫిక్కును తలచుకొని టిప్పరు అర్ధరాత్రివేళ చెరువు శిఖమువైపు తనంతట తానే మరలినచో, డ్రైవరునకు నిద్రమత్తని వ్రాసికొనుడు.

క్రొత్త నిబంధనలు 20,000 చదరపు మీటర్లు, ఆపైన కట్టుబడి వైశాల్యముగల పనులపై విస్తృత బాధ్యత మోపినవి. గుంతకు పొడవు కలదు, లోతు కలదు, కాని కట్టుబడి యెక్కడిది? ఈ ప్రశ్నను వినయముగా లిఖితపూర్వకముగా నడుగుడు. ప్రత్యుత్తరము వచ్చులోపల గొట్టము తుప్పుపట్టవచ్చును, తొందరపడకుడు. అంతవరకు కుప్పపై ఆకుపచ్చ పరదా కప్పినచో దుమ్ము అణగును. మా వీథికుక్క దానిపై సుఖముగా పరుండుటకు మరిగినది.

మా కుప్ప విషయమున ఏ పేరును స్థిరపడకముందే ఆషాఢపు వాన యొకటి కురిసి, మట్టిని మురుగుకాలువకును, ఇటుకముక్కలను మా గుమ్మమునకును పంచిపెట్టెను. పిమ్మట గుంత పూడ్చి, సిమెంటు పూసిరి. ఆ తడి ఆరకమునుపే మరియొక శాఖవారు వచ్చి, అదేచోట ముగ్గుపిండితో గీత గీచిరి. క్రొత్త మేస్త్రీ నన్ను చూచి నమస్కరించెను.

“రెండు దినాలే సార్. మట్టి గీ గోడ పక్కకు ఏసుకుంటం.”

నేను మల్లెకుండీని లోనికి తెచ్చుకొంటిని.