ఉప్పు తినే ఇలవేల్పు

హైదరాబాద్ శివారు విల్లాల్లో కొత్త ఇలవేల్పు వెలిసింది. పేరు వాటర్ సాఫ్ట్‌నర్. సంపు పక్కన నిలబడి, రాత్రి రెండింటికి గురగురమంటూ నైవేద్యం ఆరగిస్తుంది. నెలకి రెండు బస్తాల ఉప్పు, యాభై కిలోలవి. ఇంట్లో ఉండేది నలుగురు. బీపీ అని డాక్టరు చెప్పాడని పప్పులో చిటికెడు తగ్గించుకున్నవాళ్లే.

ఇంత ఎందుకయ్యా అంటే, "బోరు నీళ్లు బాగా హార్డ్ సార్, రోజు విడిచి రోజు రీజెనరేషన్ పెట్టాం" అంటాడు బిగించిన కుర్రాడు. రీజెనరేషన్ అంటే ఉప్పునీటితో తనని తాను కడుక్కోవడం. పండక్కి తాళం వేసి పది రోజులు ఊరెళ్లినా ఈ టైమరు ఉపవాసం ఉండదు. చుక్క నీరు వాడని ఇంట్లో ఐదుసార్లు కడుక్కుంటుంది. ఉప్పు తిన్న విశ్వాసం మాత్రం లేదు.

లెక్క అయిదో తరగతి పిల్లాడిదే. మనిషికి రోజుకి 135 లీటర్లు, నలుగురికి 540. హార్డ్‌నెస్ లీటరుకి 500 మిల్లీగ్రాములు అనుకుంటే రోజుకి నీళ్ల నుంచి లాగాల్సిన హార్డ్‌నెస్ 270 గ్రాములు. లోపల హార్డ్‌నెస్‌ని పట్టుకునే రెసిన్ పూసలు 28 లీటర్లుంటే, వాటికి 6.8 కిలోల ఉప్పు పట్టిస్తే సుమారు 1.9 కిలోలు లాగుతుంది, 2.7 కిలోలే పట్టిస్తే 1.3. ఉప్పు అరవై శాతం తగ్గినా పని తగ్గింది మూడో వంతే. కాబట్టి మీటరున్న వాల్వుకి "2000 లీటర్లు వాడాకే కడుక్కో, 2.7 కిలోలే తిను" అని చెబితే నెలకి 22 కిలోలు చాలు. కుర్రాడి పద్ధతిలో, రోజు విడిచి రోజు 6.8 కిలోల చొప్పున, 102. తేడా 80 కిలోలు. ఆవకాయ పెట్టినా ఖర్చవదు!

ఆ మోతాదు ఎక్కడ మార్చాలో కూడా రహస్యమేం కాదు. ఉప్పు ట్యాంకులోకి వాల్వు ఎన్ని నిమిషాలు నీరు వదులుతుందో అదే మోతాదు. లీటరు నీరు సుమారు 360 గ్రాముల ఉప్పు కరిగిస్తుంది. 2.7 కిలోలకి ఏడున్నర లీటర్లు చాలు.

ఇక అసలు వినోదం టీడీఎస్ మీటరు, అంటే నీళ్లలో కరిగిన లవణాలన్నీ కలిపి చూపేది. నీళ్లు మెత్తబడలేదని ఫిర్యాదు చేస్తే సర్వీసు మనిషి వచ్చి పెన్నులాంటి ఆ పరికరాన్ని గ్లాసులో ముంచుతాడు. ముందు 900, తర్వాతా 900. "చూశారా, తగ్గలేదు, ఉప్పు పెంచాలి" అని తీర్పు. అయ్యా, సాఫ్ట్‌నర్ కాల్షియం, మెగ్నీషియం తీసుకుని బదులు సోడియం ఇస్తుంది. టీడీఎస్ తగ్గించడం దాని పనే కాదు. జ్వరం చూడమంటే బరువు తూచే వైద్యం ఇది.

మురుగు లైను లేని కాలనీల్లో సాఫ్ట్‌నర్ కడుక్కుని వదిలే ఉప్పునీరంతా పోయేది ఇంకుడు గుంతలోకి, అక్కడి నుంచి అదే బోరులోకి. అప్పుడు కమిటీ మీటింగులో "ఏటేటా నీళ్లు ఉప్పెక్కిపోతున్నాయి, ఏం కాలమో" అని నిట్టూర్పులు. కాలిఫోర్నియాలోని శాంటా క్లారిటా లోయలో ఇదే ఉప్పు నదిలోకి చేరుతోందని 2008 నవంబరులో జనం ఓటేసి మరీ ఇలాంటి సాఫ్ట్‌నర్లను ఇళ్ల నుంచి పీకించేశారు. మనకి అంత దూరం అక్కర్లేదు. చుక్కలు వేసి రంగు చూసే హార్డ్‌నెస్ కిట్ ఒకటి కొనండి, మాన్యువల్ తెరవండి, టైమరు మార్చండి. కుర్రాడు వద్దంటే, వాళ్లింట్లో నెలకి ఎన్ని బస్తాలు కొంటున్నారో అడగండి.