గనిని ఇంటికి మోసుకురాకండి

కంప్యూటర్‌లో స్వరాలు రాసుకునేవాళ్ళకు నా మొదటి సలహా: మెమరీ చాలడం లేదని తెర మీద కనపడగానే ర్యామ్ కొనడానికి సివిక్ సెంటర్ దుకాణాలకు పరుగెత్తకండి. రెండోది: బృందానికి పాట రాసేటప్పుడు వాద్యాల శబ్దం వినకండి. భిలాయిలో నాతోపాటు పాటలు కూర్చే మిత్రులు ఈ రెండింటినీ తలకిందుల మాటలంటారు. నేను మాత్రం మనస్ఫూర్తిగానే చెబుతున్నాను.

ఒక ఉగాదికి మా సెక్టార్ పిల్లల కోసం ఒక పాటకు వాద్యసహకారం రాశాను. నాలుగు వయొలిన్లు, రెండు వేణువులు, ఒక కీబోర్డు, తబలా. బృందమంతా కలిపి ఎనిమిది మంది. ఫైలు మాత్రం పూర్తి సింఫనీ ఆర్కెస్ట్రా టెంప్లేటుతో మొదలుపెట్టాను, ఎందుకైనా పనికొస్తుందని. ఒక్క వయొలిన్‌కే కమానుతో లాగిన స్వరాలు, వేలితో మీటినవి, తుంచి వాయించినవి, వణికించినవి అన్నీ విడివిడిగా మెమరీలోకి ఎక్కి కూర్చున్నాయి. 8 జీబీ ల్యాప్‌టాప్ బిగుసుకుపోయింది. దుకాణంలో చెప్పినట్టే 16 జీబీ చేయించాను. చోటు పెరిగింది కదా అని ఇంకా పెద్ద శబ్దాల లైబ్రరీ వేసుకున్నాను. మళ్ళీ బిగుసుకుపోయింది.

మెమరీ ఎందుకు నిండుతుందో లెక్క వేసి చూడండి. సీడీ నాణ్యతలో స్టీరియో శబ్దానికి సెకనుకు 1,76,400 బైట్లు కావాలి. పియానోకు 88 మెట్లు. ఒక్కో మెట్టును మెత్తగా నొక్కడం నుంచి గట్టిగా కొట్టడం దాకా 10 స్థాయిల్లో, ఒక్కోసారి 10 సెకన్ల చొప్పున రికార్డు చేశారనుకుందాం. మొత్తం 8,800 సెకన్లు, సుమారు 1.55 జీబీ. ఇది ఒక్క పియానో సంగతి. ఇలాంటివి ఇరవై పేర్చాక ఎంత ర్యామ్ పోసినా ఏం లాభం?

భిలాయి ఉక్కు ప్లాంటులో పనిచేసినవాళ్ళకు దీని విరుగుడు సులువుగా అర్థమవుతుంది. దల్లీ రాజహరా గనుల్లోని ఖనిజాన్నంతా తవ్వి తెచ్చి ఎవరూ బ్లాస్ట్ ఫర్నేస్ పక్కన పోసుకోరు. బంకర్లలో కొంత నిల్వ ఉంటుంది, వెనక నుంచి సరుకు వస్తూనే ఉంటుంది. 1998లో వచ్చిన గిగాశాంప్లర్ అనే సాఫ్ట్‌వేర్ శబ్దాల విషయంలో ఈ దారే పట్టింది. ప్రతి శాంపిల్‌లో, అంటే రికార్డు చేసిన ఒక్కో శబ్దంలో, మొదటి ముక్క మాత్రమే ర్యామ్‌లో ఉంటుంది. మెట్టు నొక్కగానే అది మోగుతుంది, అది అయిపోయేలోపు తరువాయి డిస్క్ నుంచి వచ్చి అందుకుంటుంది. మన పియానోలో శాంపిళ్ళు 880. ఒక్కోదానికి 64 కేబీ ఉంచితే మొత్తం 55 ఎంబీయే. ఆ 64 కేబీ సెకనులో మూడో వంతుకు పైగా మోగుతుంది. ఆ వ్యవధి ఎస్‌ఎస్‌డీకి ధారాళంగా సరిపోతుంది. కొంటాక్ట్ లాంటి శాంప్లర్‌లో ఈ మొదటి ముక్క ఎంత ఉండాలో మనమే తగ్గించుకోవచ్చు. వాడని స్వరాలను మెమరీలోంచి దింపేసే పర్జ్ కూడా అందులోనే ఉంది. మీది తిరిగే పాత హార్డ్ డిస్క్ అయితే మాత్రం తగ్గించకండి, స్వరాలు మధ్యలో తెగిపోతాయి.

లైబ్రరీలు చెరిపేస్తే ర్యామ్ ఖాళీ అవుతుందని కొందరంటారు. నమ్మకండి. ఇన్‌స్టాల్ చేసి తెరవని లైబ్రరీ డిస్క్‌ను ఆక్రమిస్తుంది, ర్యామ్‌ను కాదు. వర్చువల్ మెమరీ పెంచమనే సలహా అంతకన్నా చెడ్డది. డిస్క్ నుంచి తెచ్చిన శబ్దాన్ని మళ్ళీ డిస్క్‌లోనే దాచి, తీరా మోగించే వేళకు వెతుక్కోవాల్సి వస్తుంది.

ఇక రెండో సలహా. రాస్తున్నంతసేపూ అన్ని వరుసలకూ ఒక్క పియానో శబ్దమే పెట్టండి. మ్యూజ్‌స్కోర్ 4లో మిక్సర్ తెరిచి మ్యూజ్ సౌండ్స్ బదులు ఎంఎస్ బేసిక్ ఎంచుకోండి. డోరికోలో అయితే అసలు శబ్దమే లేని సైలెన్స్ టెంప్లేటు ఉంది. దీనివల్ల ర్యామ్ మిగులుతుంది గానీ, నేను పట్టుబట్టేది అందుకు కాదు. ఆ ఉగాది పాటలో వేణువుకు పదహారు మాత్రల సాగదీత రాశాను. కంప్యూటర్‌లో వెన్నెలలా వినిపించింది. రిహార్సల్లో పిల్ల వేణువు దించి, "మాస్టారూ, ఊపిరెక్కడ తీసుకోవాలి?" అని అడిగింది. అన్ని రోజులు అంత ఖరీదైన శబ్దంతో విన్నా నాకు ఆ ప్రశ్న తట్టలేదు, ఎందుకంటే లైబ్రరీలోని వేణువుకు ఊపిరి అక్కర్లేదు. పియానో శబ్దంతో రాస్తే ఆ సొంపు ఉండదు. వరుస బాగుందో లేదో మనమే పాడుకుని చూడాలి, పాడితే ఊపిరి ఎక్కడ ఆగిపోతుందో తెలిసిపోతుంది.

మన సంగీతానికైతే ఈ మాట ఇంకా గట్టిగా చెబుతాను. 1991 నాటి జనరల్ మిడీ జాబితాలో 128 శబ్దాలున్నాయి. వాటిలో సితార్ ఉంది, షెహనాయ్ ఉంది, వీణ లేదు. వీణకు వేరే లైబ్రరీ తెచ్చుకున్నా స్వరానికొక శాంపిల్ చొప్పున పేరిస్తే గమకం రాదు. గమకం స్వరం నుంచి స్వరానికి సాగే కదలికలో ఉంటుంది. అక్కడ జీబీలు ధారపోయకండి. వరుసను సాదాగా రాసి, గమకం పిల్లలకు పాడి చూపించండి. పాటను నిలబెట్టేది వాద్యాల సంఖ్య కాదు: ఇదే భిలాయి ప్లాంటులో ఉద్యోగం చేసిన గాయని తీజన్ బాయి చేతిలో తంబురా పట్టుకుని, వెనక కొద్దిపాటి వాద్యాలతో మహాభారత కథను దేశదేశాలకు వినిపించారు.

సినిమా నేపథ్య సంగీతం పనిలో ఉన్నవాళ్ళకు పెద్ద మెమరీ అవసరమే, కాదనను. మిగతావాళ్ళం నమూనా వినిపించాల్సి వస్తే, పాట పూర్తయ్యాక తీగల శబ్దం ఒక్కటే ఎక్కించి, వేవ్ ఫైలుగా తీసి, దాన్ని దింపేసి వేణువులు ఎక్కించుకుంటే సరిపోతుంది. నిమిషానికి సుమారు 10 ఎంబీ. అయిదు నిమిషాల పాటకు నాలుగు గుంపులూ కలిపి సుమారు 200 ఎంబీయే, అదీ డిస్క్ మీదే.

మీ దగ్గర బిగుసుకుపోయిన ఫైలు ఉంటే, ర్యామ్ ధర అడిగే ముందు మిక్సర్ తెరవండి. పాటను నిజంగా వాయించబోయే మనుషులెందరో లెక్కపెట్టండి. అంతకు మించిన వాద్యాలను తీసేసి, ఫైలు సేవ్ చేసి, సాఫ్ట్‌వేర్ మూసి మళ్ళీ తెరిచి చూడండి.