ఆగు మామా, ఇప్పుడొస్తుంది

పాట బాగుందని నోటితో చెప్పి ఊరుకునేవాడితో పేచీ లేదు. వినిపించి మన మొహంలోకి చూసేవాడితోనే వచ్చింది చిక్కంతా. ఇయర్‌ఫోన్ ఒకటి మన చెవిలో దూర్చి, రెండోది తన చెవిలో పెట్టుకుని, రెప్ప వేయకుండా కూచుంటాడు. నవ్వాలో, తలాడించాలో, కళ్ళు మూసుకోవాలో వాడి మొహం చూసే మనం తెలుసుకోవాలి. తొందరపడి ముందే తలాడించామా, "ఆగు మామా, ఇప్పుడొస్తుంది" అంటాడు. ఏం వస్తుందో చెప్పడు. వచ్చినదాన్ని మనం గుర్తుపట్టకపోతే పాటను వెనక్కి జరిపి మళ్ళీ మొదట్నుంచీ పెడతాడు. అందుకని ఎక్కడో ఒకచోట "అబ్బా!" అనెయ్యడమే క్షేమం. తప్పుచోట అన్నా నష్టం లేదు. "అది నువ్వూ పట్టావా!" అని ఇంకా పొంగిపోతాడు, ఇంకో పాట పెడతాడు.

మాది ఖమ్మం దాటి, కొత్తగూడెం దాటి, అడవి అంచు పట్టుకుని భద్రాచలం పోయే దారి. పేరొకచోట, సరుకొకచోట ఉండడం మాకు కొత్త కాదు. భద్రాచలం రోడ్ రైల్వేస్టేషన్ ఉన్నది కొత్తగూడెంలో. రైలు దిగి గుడెటని అడిగిన భక్తుణ్ణి ఇంకో 40 కిలోమీటర్లు బస్సెక్కిస్తాం. 2014లో చుట్టూ ఉన్న మండలాలు ఆంధ్రలో కలిశాక భద్రాచలం ఊరు దాటితే ఎటపాక, ఎటపాకలో అడుగు పెడితే వేరే రాష్ట్రం. ఇటువంటి చోట ముగ్గురు మనుషులు హిప్‌హాప్, ఎలక్ట్రానిక్, జాజ్ అంటూ జుట్లు పట్టుకుంటారంటే ఎవరికైనా నమ్మబుద్ధి కాదు. ముగ్గురూ మా చుట్టాలే, నమ్మక చస్తానా.

హిప్‌హాప్ మా మేనల్లుడిది. హైదరాబాద్ రోల్ రైడా దగ్గర మొదలై న్యూయార్క్ దాకా పోయాడు, చెవులతోనే. ఎలక్ట్రానిక్ వాడి నాన్నది, అంటే మా బావది. ఆయన మాత్రం దాన్ని 'డీజే' అనే అంటాడు. జాజ్ మా బాబాయిది. పేపరు మిల్లులో పనిచేసి రిటైరయ్యాడు. నాకు సంగీతం బొత్తిగా రాదు. అదే నా అర్హత. వాళ్ళలో ఒకరి పాట ఒకరు వినరు గనక ముగ్గురూ నాకే వినిపిస్తారు.

ఒకప్పుడు ఇదింత తేలిక కాదులెండి. ఒక పాట ఇంకొకరి చెవిన పడాలంటే ఖాళీ క్యాసెట్ కొనాలి, కాయితం మీద పాటలు వరసగా రాసి రికార్డింగ్ షాపులో ఇవ్వాలి, అతను రేపు మాపు అని తిప్పుతుంటే తిరగాలి. మనం రాసిచ్చినవన్నీ ఎక్కించాక టేపు చివర కాస్త మిగిలితే ఆ షాపాయన తనకిష్టమైన పాట ఒకటి ఊరికే ఎక్కించేవాడు. అది సగంలో తెగిపోయేది. కొన్ని మంచి పాటలు నాకు ఈనాటికీ మొదటి చరణం వరకే తెలుసు. మా బాబాయికి జాజ్ తగులుకున్నది కూడా ఇలాంటి క్యాసెట్ వల్లే. హైదరాబాద్ నుంచి ఎవరో ఇచ్చారట, ఒకవైపు ఘంటసాల భగవద్గీత, తిప్పి వేస్తే డేవ్ బ్రూబెక్ 'టేక్ ఫైవ్'. గీత కోసం పెట్టిన మనిషి రెండోవైపు దగ్గర ఉండిపోయాడు.

తర్వాత చిప్పులొచ్చాయి. సెల్ షాపు ముందు 'సాంగ్స్ లోడింగ్' అని బోర్డు. చిప్పు చేతికిస్తే కొత్తవి, పాతవి, భక్తి, జానపదం, డీజే అని ఫోల్డర్లు ఫోల్డర్లుగా నింపి ఇచ్చేవాడు. ఎటూ చెందనివన్నీ 'మిక్స్' అనే ఫోల్డర్‌లో పడేసేవాడు. ఆ ఫోల్డర్‌లో లింగాష్టకం వెనకాలే ఏమొస్తుందో తెలిసిన ఇల్లాళ్ళెవరూ తెల్లవారుజామున దాని జోలికి పోయేవారు కాదు. ఆపైన షేర్ఇట్. 2020 జూన్‌లో ప్రభుత్వం 59 చైనా యాప్‌లను ఆపేసినప్పుడు దేశమంతా టిక్‌టాక్ కోసం ఏడిస్తే మావైపు షేర్ఇట్ కోసం ఏడ్చారు. దానికి సిగ్నల్ అక్కర్లేదు మరి. రెండు ఫోన్లు పక్కపక్కన పెడితే పాట ఇందులోంచి అందులోకి పోయేది. ఇప్పుడందరూ లింకులు పంపుతున్నారు. చర్ల దాటి లోపలి గూడేలకు పోతే లింకు వస్తుంది, పాట రాదు. నీలం రంగు గీత కేసి చూసి "బాగుందిరా" అని జవాబు పెట్టేవాళ్ళను నేనెరుగుదును. నన్నడిగితే సంగీతంలో అంతకు మించిన సుఖం లేదు.

మా బావ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఒకప్పుడు ఆయన మైక్‌సెట్. వేపచెట్టుకు మైకు కట్టి, పొద్దున రామదాసు కీర్తనలు, సాయంత్రం సినిమా పాటలు వేసేవాడు. ఇప్పుడు టాటా ఏస్ మీద బేస్ బాక్సులు, రంగు లైట్లు, వెనక జనరేటర్. ఊళ్ళో ఎవరో పాడిన జానపదాన్ని తెచ్చి, ముక్కలు కోసి, కింద దరువు పరిచి, పైన ఈలలు చల్లి తానే మిక్స్ చేస్తాడు. అన్నిటికన్నా ముఖ్యమైనది, మధ్యమధ్యలో ఒక ఆడగొంతు "డీజే..." అని గారాలుపోతూ బావ పేరు పిలవడం. పల్లవికొకసారి, చరణానికి రెండుసార్లు. ఎవడైనా కొట్టేసి తన పేరు పెట్టుకుంటాడని ముందుజాగ్రత్త. బావ సంగీత శాస్త్రానికి ఒకటే సూత్రం: పాట గుండెకు తగలాలి. ఇందులో కవిత్వం ఏమీ లేదు. బాక్సు ఎదురుగా నిలబడితే చొక్కా గుండీలు అదరాలి.

కొడుకు ఆయనకు చదువు చెప్పబోయాడు. "నీ బాక్సులో ధబ్‌మంటదే నాన్నా, అది 1980లో జపానోళ్ళు చేసిన రోలాండ్ 808 అనే డ్రమ్ మెషీన్ చప్పుడు. అప్పుడెవరూ పెద్దగా కొనలా. సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరికితే హిప్‌హాప్ పోరగాళ్ళు ఎగరేసుకుపోయారు."

"మనోళ్ళెవరూ కొనలేదా?" అన్నాడు బావ. మావైపు ఏ చర్చయినా ఈ ప్రశ్న దగ్గరికి రావాల్సిందే.

కొన్నారు. బొంబాయి సినిమా వాద్యకారుడు చరణ్‌జిత్ సింగ్ 1982లోనే ఆ 808ని, అదే కంపెనీ చేసిన 303 అనే యంత్రాన్ని పెట్టుకుని పది రాగాలను డిస్కో దరువు మీద వాయించి రికార్డు తెచ్చాడు. పట్టించుకున్నవాడు లేడు. 2010లో మళ్ళీ విడుదలయ్యాక విని విదేశాల వాళ్ళు నోళ్ళు తెరిచారు. యాసిడ్ హౌస్ అని షికాగో వాళ్ళు తమదిగా చెప్పుకునే సంగీతం దానికి ఐదేళ్ళ తర్వాతిది. మేనల్లుడు అందులోంచి ఒక రాగం పెట్టాడు. బావ చివరిదాకా విన్నాడు. గుండీలు పట్టుకుని మరీ విన్నాడు.

"అంతా బాగుందిరా. ఎవరు చేశారో మధ్యలో ఎక్కడా చెప్పలేదేంది? అందుకే అమ్ముడుపోలా."

హిప్‌హాప్ పుట్టుక కథ చెప్పినప్పుడూ ఇంతే. 1973 ఆగస్టు 11, న్యూయార్క్ బ్రాంక్స్‌లో సెడ్జ్‌విక్ అవెన్యూ, 1520 నంబరు బిల్డింగు. చెల్లెలు బడికి వేసుకుపోయే కొత్తబట్టల డబ్బుల కోసం పార్టీ పెడితే అన్న కూల్ హెర్క్ రికార్డులు వేశాడు. పాటలో గొంతు ఆగి దరువు మాత్రమే మిగిలే చోట జనం రెచ్చిపోతున్నారని కనిపెట్టి, ఒకే రికార్డు రెండు కాపీలు రెండు ప్లేయర్ల మీద పెట్టి ఆ ముక్కనే అటూ ఇటూ తిప్పి సాగదీశాడు. మేనల్లుడు గొంతు పూడుకుపోయేంత భక్తితో చెబుతున్నాడు. బావ అడ్డం పడ్డాడు. "టికెట్ ఎంత?"

"ఆడపిల్లలకు 25 సెంట్లు, మగపిల్లలకు 50."

"జనరేటర్ డీజిలు కూడా రాదు."

బాబాయి దారి వేరు. ఆయనకు జాజ్ అంటే లెక్క. టీ బల్ల దగ్గర కూచుంటే తొడ మీద చెయ్యి ఊరుకోదు. "అబ్బాయ్, ఈ టేక్ ఫైవ్ 1959 నాటిది. పాల్ డెస్మండ్ కట్టాడు. ఆవర్తానికి ఐదు దెబ్బలు. మన ఖండచాపులో తక, తకిట అని రెండూ మూడుగా వేస్తాం. వాళ్ళు మూడూ రెండు వేశారు. అంతే తేడా." అని ఊరుకోకుండా పైకి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఒకటి రెండు మూడు, నాలుగు ఐదు. ఒకటి రెండు మూడు, నాలుగు ఐదు. టీ కుర్రాడు ఐదు టీలు తెచ్చి పెట్టాడు. ఉన్నది మేమిద్దరం. బాబాయి లెక్క ఆపలేదు గనక నేనే మూడు తాగాను.

"అట్టాంటి దానికి డాన్స్ ఎట్టా వేస్తారు చిన్న మామయ్యా? ఐదో అడుగుకు కాలు చాలదు గదా!" అని, సంగతి తర్వాత విన్న బావ సందేహం. జాజ్ మొత్తంలో ఆయనకు నచ్చింది ఒక్కటే, న్యూ ఆర్లీన్స్‌లో శవయాత్రకు బ్యాండు పెడతారని, పోయేటప్పుడు నెమ్మదిగా, తిరిగొచ్చేటప్పుడు హుషారుగా వాయిస్తారని. "వచ్చేటప్పుడు తీన్మార్ అన్నమాట. రానూపోనూ బాడుగ. మంచి బేరం." బాబాయి ఆ పూట భోజనం మానేశాడు.

ఆయన తురుపుముక్క మాండలిన్ శ్రీనివాస్. పాలకొల్లులో 1969లో పుట్టిన పిల్లాడు, 1983లో బెర్లిన్ జాజ్ ఫెస్టివల్‌లో కర్ణాటక సంగీతం వాయించి వచ్చాడు. తర్వాత జాన్ మెక్‌లాఫ్లిన్, జాకిర్ హుస్సేన్‌లతో కలిసి 'రిమెంబర్ శక్తి' బృందంలో లోకమంతా తిరిగాడు. "పాలకొల్లు ఏ నీళ్ళు తాగుతుందిరా? గోదావరి. ఆ గోదావరి ఎక్కణ్ణుంచి పోయింది? మన రేవు మీదుగా!" ఈ లెక్కన బెర్లిన్‌లో కొట్టిన చప్పట్లలో భద్రాచలానికి వాటా ఉంది. కాదనే ధైర్యం నాకు లేదు.

అసలైన గొడవ ఒక రోజు హిప్‌హాప్ మీద జరిగింది. జైలు, బంగారం, డబ్బు, తిట్లు తప్ప దాంట్లో ఇంకేముందని బాబాయి కొట్టిపారేశాడు. మేనల్లుడు తాపీగా ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

"మరి మన గోపన్న, అదే రామదాసు, ఏం చేశాడు చిన్నతాతా? పాల్వంచ పరగణా తహసీల్దారు. సర్కారు సొమ్ముతో గుడి కట్టించాడు. తానీషా గోల్కొండలో ఖైదు చేయించాడు. లోపల కూచుని ఏం పాడాడు? ఎవరికి ఏ నగ చేయించాడో, ఎన్ని మొహరీలు పడ్డాయో పద్దు చదివాడు. ఆ సొమ్మెవరిదనుకున్నావని రాముణ్ణే నిలేశాడు. దెబ్బలకు ఓర్వలేక తిట్టాడు, తిట్టినందుకు మళ్ళీ ఆయన్నే మన్నించమన్నాడు. జైలుంది, బంగారముంది, డబ్బుంది, తిట్లున్నాయి. నువ్వు చెప్పినవన్నీ వచ్చినయ్ గదా!"

బాబాయి నోరు తెరిచి మూశాడు. "దానికి రాగం ఉందిరా" అన్నాడు చివరికి, పీలగా. ఆనాటి నుంచి పొద్దున కొత్తగూడెం ఆకాశవాణిలో ఆ కీర్తన వస్తే భక్తితో చేతులు జోడిస్తూనే మేనల్లుడి ఫోన్ వైపు అనుమానంగా చూస్తాడు.

ఎండాకాలం మణుగూరు వైపు ఒక కోయగూడెంలో పెళ్ళికి బావ డీజే కుదిరింది. మేమూ బండెక్కాం. దారిలో బాబాయి సకిని రామచంద్రయ్య గారి గురించి చెప్పుకొచ్చాడు. మణుగూరు మండలం కూనవరం ఆయనది. కంచుతాళాల నడుమ కోయల వంశాల కథలు, సమ్మక్క సారలమ్మల కథ రాసింది చూడకుండా పాడేవారు. 2022లో పద్మశ్రీ ఇచ్చారు, 2024లో పోయారు. "ఆయన్ను విన్నావా?" అని బాబాయి అడిగితే మేనల్లుడు తలొంచుకుని యూట్యూబ్‌లో వెతికాడు. సిగ్నల్ అప్పటికే పోయింది.

గూడెంలో బావ రెండు పాటలు వేశాడో లేదో జనరేటర్ దగ్గి, ఆగిపోయింది. డీజిలు లేదు. బంకు చాలా దూరం. బావ మొహం మాడిపోయింది గానీ గూడెంలో ఎవరూ గమనించినట్టు లేదు. ఆడవాళ్ళు నడుముల చుట్టూ చేతులు వేసుకుని వలయం కట్టి అప్పటికే రేల పాట అందుకున్నారు. ఒక ముసలాయన డోలు మెడకు తగిలించుకుని, ఒకవైపు పుల్లతో, రెండోవైపు అరచేత్తో మొదలుపెట్టాడు. మధ్యలో ఆపి ఎవరెవరి పేర్లో, ఎవరిది ఏ గట్టో, అంటే ఏ వంశమో, చెబుతున్నాడు, మళ్ళీ వాయిస్తున్నాడు.

"పేర్లు చెప్పి పొగుడుతుండు మామా. ఇది పక్కా హిప్‌హాప్" అన్నాడు మేనల్లుడు నా కుడిచెవిలో.

"ఆ దెబ్బ చూడు, అప్పటికప్పుడు కల్పించి వేస్తున్నాడు. ఇది జాజ్" అన్నాడు బాబాయి ఎడమచెవిలో. అంతలో ముసలాయన ఎవరిదో ఐదో గట్టు అన్నాడు. "విన్నావా, ఐదు!"

బావ మాత్రం ఏమీ అనలేదు. చొక్కా గుండీ మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు. కాసేపటికి డోలు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, వంగి, లోపల ఏముందోనని చూసి వచ్చాడు.

ఆట ఆగాక ముసలాయన మా దగ్గరికొచ్చి కూచున్నాడు. బాబాయి టేక్ ఫైవ్ గురించి, మేనల్లుడు బ్రాంక్స్ గురించి ఆయనకు చెప్పబోతుంటే చెయ్యడ్డం పెట్టి, పంచె మడతలోంచి బటన్ ఫోన్ తీశాడు. మనవడు చిప్పు వేయించాడట. అందులో తనకిష్టమైన పాట ఒకటుంది, మేం వినాల్సిందేనన్నాడు. నొక్కి, మా మొహాల్లోకి చూడసాగాడు. ఈలలు, ధబ్, ఆపైన "డీజే..." అని ఆడగొంతు. బావ మిక్సే! బావ వెన్ను నిటారుగా లేచింది. చూశారా అన్నట్టు మా ముగ్గురి కేసీ చూశాడు.

"పాట మంచిగుంటది" అన్నాడు ముసలాయన. "ఆ పిల్లే పాపం, పాట పొడుగునా ఎవరినో పిలుస్తనే ఉంటది. ఇంతకీ ఆడు దొరికిండా?"

"దొరికాడు తాతా" అని బావ డబ్బా పుచ్చుకుని డీజిలు కోసం వెళ్ళిపోయాడు.