సీసాకు లెక్కుంది, తాగేవాడికి లేదు

ప్రతి సీసా మీదా హోలోగ్రామ్. ఏ డిపో నుంచి ఏ దుకాణానికి పోయిందో సర్కారు చిటికెలో చెప్పేస్తుంది. మరి ఎవడి లివర్ మీదికి పోయింది? అమ్మో, అది ఆరోగ్య శాఖ పని! ఆ శాఖా అడుగుతోంది పాపం. ఒక్కటంటే ఒక్క ప్రశ్న.

ఆశా కార్యకర్త ఇంటింటికీ తెచ్చే సీబ్యాక్ ఫారం చూశారా? 30 దాటినవాళ్లకు జబ్బుల ముప్పు ఎంతుందో తేల్చే కాగితం. అందులో మందు సంగతి ఇంతే: రోజూ తాగుతారా? అవునంటే 1, కాదంటే 0. గుట్కాకైతే అప్పుడప్పుడు నమిలేవాడికీ ఒక మార్కు వేశారు. మందుకు ఆ పాటి ఓపిక కూడా లేదు. శనివారం సాయంత్రం ఫుల్ బాటిల్ మూత తీసి, ఆదివారం రాత్రికి అడుగంటించే మొనగాడికి ఎన్ని మార్కులు? సున్నా. సుద్దపూస! పైగా అడిగేది ఎక్కడ? వాకిట్లో, పెళ్లాం, పక్కింటివాళ్లు వింటుండగా. ‘ఛఛ, ఎప్పుడన్నా ఫంక్షన్లకే అక్కా.’ రాసుకుని పోతుంది. ఆమెననేదేముంది? వెయ్యిమంది బాగోగులు ఆమె నెత్తినే పెట్టారు.

ప్రశ్నలు దొరక్కనా? ప్రపంచ ఆరోగ్య సంస్థ 1989లోనే ‘ఆడిట్’ పేరుతో పది ప్రశ్నలు చేతిలో పెట్టింది. ఎన్నాళ్లకోసారి? కూర్చుంటే ఎంత? పొద్దున్నే చుక్క పడనిదే కాలు కదలట్లేదా? మీ తాగుడు వల్ల ఎవరికైనా దెబ్బ తగిలిందా? మొత్తం 40 మార్కులు. 8 వచ్చిందంటే గంట మోగినట్టే. సూది లేదు, స్కానింగ్ లేదు. ఐదు నిమిషాలు చాలు. ఓపీలో ఆ ఐదు నిమిషాలే కరువు!

తెలంగాణలో 15 ఏళ్లు దాటిన మగవాళ్లలో నూటికి 43 మంది తాగుతామని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఒప్పుకున్నారు. ముక్కూమొహం తెలియని సర్వేవాళ్లకు చెప్పినవాళ్లు డాక్టరుకెందుకు చెప్పరు? ఆయన చీటీలోంచి తలెత్తి అడిగితే గదా! దేశంలో మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోందని ఎయిమ్స్ నివేదిక 2019లోనే చెప్పింది. చదివినవాళ్లెవరు?

ఏలినవారికి వేరే లెక్కలున్నాయి. 2023లో తెలంగాణలో 2,620 దుకాణాల లాటరీకి దరఖాస్తు ఒక్కింటికి 2 లక్షలు, తిరిగిరాని సొమ్ము. షట్టర్ లేవకముందే 2,600 కోట్లు దాటింది! దశలవారీ నిషేధమని ఊదరగొట్టి 2019లో ఆంధ్రలో గద్దెనెక్కినవారు సర్కారీ కొట్లే తెరిచారు. తర్వాతివారు 99 రూపాయలకే క్వార్టర్ ఇచ్చారు.

సరే, ఎవడో అమాయకుడు నిజం చెప్పి 25 మార్కులు తెచ్చుకున్నాడే అనుకోండి. ఎక్కడికి పంపుతారు? డీఅడిక్షన్ కేంద్రం ఉంటే గింటే జిల్లా కేంద్రంలో. బెల్టుషాపేమో వాడి సందు చివరే. రానూపోనూ బస్సు ఛార్జీకి క్వార్టరొస్తుంది.