లారీలో దిగిన అడవి చేప

అట్లాంటా ఉత్తరపు శివార్లలో ఆకులు ఎర్రబడగానే మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లోకి ఒక కొత్తరకం ఫొటో వచ్చి పడుతుంది. బతుకమ్మ ఫొటోలు అయిపోయి దీపావళి ఫొటోలు మొదలయ్యేలోపు దీని సీజను. ఛాతీదాకా లాగిన రబ్బరు ప్యాంటు, నెత్తిన వెడల్పాటి టోపీ, ముందుకి చాచిన రెండు చేతుల మీద ఒక ట్రౌట్ చేప. చేతులు అంతలా ఎందుకు చాచారంటే, కెమెరాకి దగ్గరయ్యేకొద్దీ జానెడు చేప మూరెడవుతుంది. మొహంలో మాత్రం అప్పుడే తపస్సులోంచి లేచిన ప్రశాంతత.

అడిగి చూడండి, ఇది చేపలు పట్టడం కాదంటారు. ధ్యానం అంటారు. మనిషి అలికిడి లేని చోట ఆదిమ ప్రకృతి ముందు తల వంచి నిలబడటం అంటారు. మనిషి అలికిడి లేకపోతే ఫొటో ఎవరు తీశారని మాత్రం అడక్కండి. గైడు తీశాడు. సగం రోజుకి కొన్ని వందల డాలర్లు, పైన టిప్పు.

సరే, ఆ ఆదిమ ప్రకృతి సంగతేమిటో చూద్దాం. ఈ ఫొటోలు దిగేది చాటహూచీలో, జార్జియా కొండల్లో పుట్టి అట్లాంటాని ఒరుసుకుంటూ పోయే నది. ఈ మేర అది పుట్టుకతో వెచ్చటి దక్షిణాది నది, అందులో ట్రౌట్ బతికే ప్రశ్నే లేదు. 1950ల్లో ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజనీర్స్ వాళ్లు బ్యూఫర్డ్ డ్యాం కట్టి, దాని వెనక లేనియర్ జలాశయాన్ని నింపారు. ఆ జలాశయం లోతుల్లోంచి తీసి టర్బైన్ల గుండా వదిలే నీళ్లు నడివేసవిలో కూడా కాళ్లు కొంకర్లు పోయేలా ఉంటాయి. అక్కడే పుట్టి పెరిగిన షోల్ బాస్ లాంటి చేపలు ఆ చలికి తట్టుకోలేక తప్పుకున్నాయి. ఖాళీ అయిన ఇంట్లోకి ట్రౌట్‌ని తెచ్చి దింపారు. రెయిన్‌బో ట్రౌట్‌కి సొంతూరు పసిఫిక్ తీరం, బ్రౌన్ ట్రౌట్‌కి యూరప్. మన ధ్యానిలాగే అవీ వలస వచ్చినవే. గ్రీన్ కార్డు క్యూ ఒక్కటే తక్కువ.

ఈ ఆదిమ ప్రకృతికి హారన్ కూడా ఉంది. కరెంటు అవసరమైన వేళకి డ్యాంలోంచి నీళ్లు వదిలితే నది చూస్తుండగానే అడుగులకొద్దీ లేస్తుంది, అందుకని ముందే మోగిస్తారు. డ్యాం నుంచి హైవే 20 వంతెన దాకా నీళ్లలో దిగేవాళ్లకి లైఫ్ జాకెట్ తప్పనిసరి. నీళ్లు ఎన్నింటికి వస్తాయో ఫోన్ చేసి కనుక్కోవచ్చు. ఫోన్ చేస్తే టైము చెప్పే అరణ్యం ఇంకెక్కడైనా ఉందేమో నాకు తెలియదు.

ఇక చేప. ఇక్కడి రెయిన్‌బోల్లో ఎక్కువభాగం నది మొహం ఎరగకుండా పెరిగినవే. కమ్మింగ్‌లో (అవును, దోసెలపిండీ గోంగూరా దొరికే మన కమ్మింగే) డ్యాంకి దిగువన రాష్ట్ర ప్రభుత్వపు హేచరీ ఉంది. అక్కడ గుళికల మేత తిని, జానెడు ఎదిగాక, ట్యాంకు లారీ ఎక్కి నదికొస్తాయి. కైకలూరు చెరువు రైతుని తీసుకొచ్చి చూపిస్తే ఒక్క చూపులో తేల్చేస్తాడు, ఇది మేత చేపండీ అని. పైనుంచి గోధుమరంగుది ఏది రాలినా భోజనమే అని నమ్మి పెరిగిన అమాయకపు జీవి అది. దాన్ని బుట్టలో వేయడానికి నెమలి పింఛపు పోచలు, కుందేలు బొచ్చు, జింక వెంట్రుకలు కొక్కేనికి చుట్టి తయారుచేసిన ఈగలు పెట్టెలకొద్దీ మోసుకెళతారు. చిన్న విద్యేం కాదు. 1653లో ఇంగ్లండులో ఐజాక్ వాల్టన్ చేపల పుస్తకం అచ్చువేసేనాటికే అది పాతబడిన విద్య. అంతటి విద్యనీ నిన్న లారీ దిగిన చేప మీద ప్రయోగిస్తారు. అచ్చంగా మేత గుళికలా కనబడేట్టు కట్టిన ఈగ కూడా బజార్లో ఉంది గానీ, పెద్దమనుషుల మధ్య దాని పేరెత్తితే మొహాలు పక్కకి తిరుగుతాయి.

ఈ విద్యలో ధ్యాని వాటా ఎంత? ఏ ఈగ వేయాలో గైడు చెబుతాడు. ముడి గైడు వేస్తాడు. ఎక్కడ నిలబడాలో, ఏ రాయి పక్కన విసరాలో గైడు చూపిస్తాడు. విసిరింది వెనక చెట్టుకి చిక్కుకుంటే వెళ్లి విడదీసుకొచ్చేదీ ఆయనే. దారం మీద రంగు బుడగ ఒకటి తేలుతుంటుంది. చెరువుగట్టున పిల్లలు గాలానికి కట్టే బెండు చేసే పనే అదీ చేస్తుంది. అది మునిగిందని మనవాడికి తెలిసేలోపు గైడే "లాగండి!" అని అరుస్తాడు. చేప దగ్గరికొస్తే వలబుట్టలోకి తీసేది ఆయన, నోట్లోంచి కొక్కెం ఊడదీసేది ఆయన. చేతులు తడి చేసుకోండి, చేపకి మంచిది అని గుర్తు చేసేది కూడా ఆయనే. అప్పుడు ధ్యాని రంగంలోకి దిగి, చేప పట్టుకుని నవ్వుతాడు. సాయంత్రం గ్రూపులో "నేను పట్టాను" అని రాస్తాడు.

గైడుని నేనేమీ అనను. నది అడుగు రాయీరప్పా తెలిసినవాడు, ఒళ్లు వంచి పనిచేస్తాడు. ఈగ గాలం పట్టినవాళ్లందరినీ కూడా ఒకే గాటన కట్టను. జిమ్మీ కార్టర్ ఇదే నదిలో గాలం వేసేవాడు, ఈగలు తనే చుట్టుకునేవాడు. 1978లో ఈ నది ఒడ్డుని జాతీయ విహారస్థలంగా కాపాడే చట్టం మీద అధ్యక్షుడిగా సంతకం పెట్టిందీ ఆయనే. అమెరికా అధ్యక్షుడికి ముడి వేసుకోవడానికి తీరిక దొరికింది. మన ప్రాజెక్ట్ మేనేజరుకి దొరకలేదు.

శరదృతువు గొప్పతనం ఒకటి చెబుతారు. నవంబరు 1 నుంచి మే 14 దాకా సోప్ క్రీక్ దగ్గర్నుంచి కాబ్ పార్క్‌వే వంతెన వరకూ పట్టిన ట్రౌట్‌ని పట్టినట్టే వదిలేయాలి. నిశ్శబ్దం కోసం జనం అక్కడికే ఎగబడతారు. పక్కన ఐ-75 మీద లారీల హోరు. ఆ రోజుల్లోనే లేనియర్ అడుగున నెలల తరబడి మురిగిన నీళ్లు దిగువకొచ్చి, ఒక్కోసారి కుళ్లిన గుడ్ల వాసన కొడతాయి. ఫొటోకి వాసనుండదు కాబట్టి సరిపోయింది. అసలు విషయం వేరే ఉంది. ఈ నదిలో తనంతట తాను పుట్టి పెరుగుతున్న ట్రౌట్ బ్రౌన్ ట్రౌట్. అది గులకరాళ్లు తవ్వి గూడు చేసి గుడ్లు పెట్టేది సరిగ్గా ఈ ఆకులు రాలే కాలంలోనే. అంటే ఇక్కడ అడవి అనదగ్గదేదైనా ఉంటే అది ఆ గులకరాళ్ల కింద ఉంది. ప్రకృతి ముందు తల వంచడానికి వచ్చిన రబ్బరు బూట్లలో కొన్ని దాని మీదే నిలబడి ఉంటాయి.

వదిలేస్తున్నాం కదా, హింస ఎక్కడ అంటారు. ఆకలి లేకుండా ముల్లు గుచ్చి, ఆయాసపెట్టి, ఊపిరాడని గాల్లో ఎత్తి నవ్వించి, పొమ్మనడం కరుణ అట. వానపాము గుచ్చి, రెండు చేపలు పట్టి, ఇంటికి తీసుకెళ్లి పిల్లలకి వండిపెట్టే మెక్సికో మేస్త్రీ మోటువాడట. స్విట్జర్లాండ్ చట్టం ఈ లెక్కని తిరగేసింది. వదిలేసే ఉద్దేశంతోనే పట్టడం అక్కడ తప్పు, తినడానికి పట్టడం తప్పు కాదు. మన గ్రూపులో ఈ సంగతి ఒకరు పెడితే అడ్మిన్ దాన్ని రాజకీయ పోస్టు కింద తీసేశాడు.

మే 15 తెల్లవారగానే కాబ్ పార్క్‌వే వంతెన దగ్గరి ఆ వదిలేసే నిబంధన ఎత్తేస్తారు. ఎండలు ముదిరితే ఆ మేర నీళ్లు వేడెక్కి ట్రౌట్ ఎలాగూ నిలవదని ప్రభుత్వానికి తెలుసు. ఆరున్నర నెలలు గురువుగా ఉన్న చేప ఆ ఉదయం బకెట్లోకి వస్తుంది. ధ్యానులకి అది చూడలేని దృశ్యం. వాళ్లు ఆ రోజు ఇంట్లోనే ఉండి, జనానికి సంస్కారం లేదని పోస్టులు పెడతారు.

నిజంగానే వెళ్లాలనిపిస్తే దారి సులువు. ఏడాదికి చేపల లైసెన్సు, దానిమీద ట్రౌట్ లైసెన్సు, రెండూ కలిపినా గైడుకిచ్చే టిప్పుకి సరిపోవు. హైవే 20 వంతెనకి ఎగువన వానపాముకి అభ్యంతరం లేదు. లైఫ్ జాకెట్ వేసుకోండి, నీళ్ల టైము కనుక్కోండి, హారన్ మోగితే చేప ఉన్నా లేకపోయినా గట్టెక్కండి. రోజుకి ఎనిమిది దాకా తెచ్చుకోవచ్చు, నలుగురికి పులుసుకి రెండు మూడు చాలు. గుళికల మేత తిన్న చేప కొంచెం చప్పగా ఉంటుంది, కారం ఒక చెంచా ఎక్కువ వేయండి.